నీలం పెట్టె ప్రైమర్లు

నాగమల్లేశ్వరి వేసవి అంతా కంటికి రెప్పలా కాచుకున్న నీలం పెట్టెని ఆమె భర్త కేశవరావు ఒక బుధవారం పొద్దున, ఎంతో ప్రేమగా, స్టీలు డబ్బాలో పోసేశాడు.

అంతటితో ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. దాని మీద ఎర్ర పెట్టెలోవి కూడా పోశాడు.

తప్పు ఆయనదని పూర్తిగా అనడానికి లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఒకటే మాట వినపడుతోంది: "ప్యాకెట్ కత్తిరించి అలా వదిలేస్తారేమిటండీ, డబ్బాలో పోయండి." కందిపప్పుకి ఒక డబ్బా, మినప్పప్పుకి ఒకటి, ఇడ్లీ రవ్వకి ఒకటి. పాతది అడుగున ఇంకా ఉన్నా సరే, కొత్త ప్యాకెట్ దాని మీదే పడాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మాట కేశవరావుకి చెవికెక్కలేదు. ఈ వసంతంలో రిటైరయ్యాక ఎక్కింది. అప్పటినుంచి ఆయన డాలస్ పక్కన కాపెల్‌లోని తమ ఇంటిని గది గదిగా డబ్బాల్లోకి ఎత్తుతూ వస్తున్నాడు. వంటిల్లు అయిపోయింది. బాత్‌రూమ్ అల్మారాలు అయిపోయాయి. ఆ బుధవారం గరాజ్ వంతు వచ్చింది.

"మల్లీ, ఒకసారి ఇలా రా! నీ గరాజ్‌ని నువ్వే గుర్తుపట్టలేవు" అని కేకేశాడు.

మల్లేశ్వరి చేతిలో గరిటెతోనే వెళ్ళింది. అరల మీద వరసగా డబ్బాలు. ప్రతిదాని మీదా ఆయన గుండ్రటి చేతిరాతతో చీటీ: మేకులు, బల్బులు, దీపావళి లైట్లు. ఆమె పనిబల్ల మీద మాత్రం తళతళలాడే నెయ్యి డబ్బా ఒకటి కూర్చుని ఉంది. దాని మీద 'మల్లి గన్ సామాను' అని రాసి ఉంది.

"ఇందులో ఏముందండీ?"

"నీ బుల్లి గిన్నెలు. ఎంత చోటు తింటున్నాయో తెలుసా ఆ అట్టపెట్టెలు! ఒక్కో గిన్నెకీ ఒక ప్లాస్టిక్ అర, ఆ అరలన్నిటికీ ఒక అట్ట, ఆ అట్టకి మళ్ళీ పెట్టె. వీళ్ళ ప్యాకింగ్ పిచ్చి కాకపోతే ఏమిటిది? అన్నీ కలిపితే ఇంత డబ్బాలో పట్టాయి."

"అన్నీ అంటే?"

"నీలం పెట్టెవీ, ఎర్ర పెట్టెవీ. రెండూ ఒకటేగా? పక్కపక్కన పెట్టి మరీ చూశాను."

మల్లేశ్వరి చేతిలోని గరిటెని డబ్బాకి దూరంగా జరిపింది. "మూత సరిగ్గా పట్టిందా?" అని అడిగింది, ఏం అడగాలో తోచక.

"మొదట పట్టలేదు. పప్పు పోసినప్పుడు నువ్వు చేసే పనే చేశాను. డబ్బాని బల్ల మీద రెండు మూడు సార్లు టకటకా తట్టాను. చక్కగా సర్దుకున్నాయి."

ఆ బుల్లి గిన్నెల్ని ప్రైమర్లు అంటారు. కంది గింజంత ఉంటాయి. తూటా అడుగున మధ్యలో గుండ్రంగా కనిపించేది అదే. తుపాకీలోని సూది వచ్చి దాన్ని కొడితే అది నిప్పు చిమ్ముతుంది, ఆ నిప్పుకి మందు అంటుకుని గుండు బయల్దేరుతుంది. అంటే అగ్గిపుల్ల తలలాంటిది, కాకపోతే గీయక్కర్లేదు, దెబ్బ తగిలితే చాలు. అందుకే వాటిని ఒకదాన్నొకటి తాకకుండా విడివిడి అరల్లో పెట్టి అమ్ముతారు. కుప్పగా పోస్తే, ఒకటి పేలిందంటే మిగతావి దాని దారే పడతాయి. అలాంటి కుప్పని కేశవరావు లోహపు డబ్బాలో పోసి బల్లకేసి కొట్టాడు.

"ఏమండీ," అంది మల్లేశ్వరి చాలా నెమ్మదిగా, "ఆ బల్ల దగ్గరనుంచి ఇవతలికి రండి. నడిచి రండి. దేనికీ తగలకండి."

"ఏం? పామా?"

"పామైతే బాగుండు. రండి."

ఆయన్ని వంటింట్లోకి తోసి తలుపేసి, ఆమె వాల్టర్‌కి ఫోన్ చేసింది. వాల్టర్ వాళ్ళ షూటింగ్ క్లబ్బులో పోటీలు నడిపే పెద్దమనిషి. అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైనవాడు. అంతా విని, "తట్టాడా?" అన్నాడు. "తట్టాడు" అంది ఆమె. "ఇంకెవరూ ముట్టుకోకండి, వస్తున్నాను" అన్నాడు.

వచ్చి, ముఖానికి అడ్డం కట్టుకుని, దళసరి చేతి తొడుగులు వేసుకుని, తడిగుడ్డలు పరిచిన ట్రేల్లోకి చెంచాడు చెంచాడు చొప్పున ఓపిగ్గా ఆ డబ్బా ఖాళీ చేశాడు. అంతసేపూ మొగుడూ పెళ్ళాలిద్దరూ వంటింట్లో నిలబడే ఉన్నారు. స్టవ్ మీద వంకాయ కూర మాడింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పని ముగిశాక కేశవరావు ఆయనకి కాఫీ ఇచ్చాడు. "వాటిని పారేయక్కర్లేదు," అన్నాడు భార్యతో, ఏదో ఒకటి సరిదిద్దాలని. "నేను కూర్చుని ఏరేస్తాను మల్లీ. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు."

"రెండూ బియ్యమేనండీ" అంది మల్లేశ్వరి.

నిజమే. కంపెనీలు వేరైనా రెండూ తెల్లటివే, ఒకే సైజువే. ఏది నీలం పెట్టెదో ఏది ఎర్ర పెట్టెదో చేసినవాడు కూడా చెప్పలేడు. ఏది ఏదో తెలియని ప్రైమర్‌తో తూటా చేయడమంటే కళ్ళు మూసుకుని కూరలో ఉప్పు వేయడమే. వాల్టర్ అన్నిటినీ తీసుకుపోయాడు. పోతూ పోతూ కేశవరావు భుజం తట్టి, "ఈసారి ఏమైనా సర్దాలనిపిస్తే మా ఇంటికి రండి. మా గరాజ్‌లో పేలేవేమీ లేవు" అన్నాడు.

* * *

మల్లేశ్వరి తుపాకీ పట్టిందంటే నమ్మేవాళ్ళు తక్కువ. ఆమె కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడే మనిషి. తాళం వేశాక మళ్ళీ వెనక్కొచ్చి చూసే మనిషి. డాలస్‌లో ఒక ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసినన్నాళ్ళూ ప్రతి మందునీ రెండుసార్లు తూచి, మూడోసారి చూసి పంపేది. అలాంటి మనిషిని ఆరేళ్ళ కిందట రేణు బలవంతంగా ఆడవాళ్ళ షూటింగ్ క్లాసుకి లాక్కుపోయింది.

రేణుది వరంగల్. మల్లేశ్వరి కన్నా బాగా చిన్నది. కంప్యూటర్ ఉద్యోగం. పెద్ద నోరు, అంతకన్నా పెద్ద నవ్వు. ఆ మొదటిరోజు మల్లేశ్వరి వణుకుతూ తుపాకీ ఎత్తింది. ముందున్న చిన్న గుర్తు మీద చూపు నిలపమన్నారు. నిలిపింది. నిలిపినంతసేపూ ఆమె తలలో ఏ భయమూ లేదు. అరవై ఏళ్ళ జీవితంలో ఆమెకి అంత ప్రశాంతత ఎక్కడా దొరకలేదు. ఇంక వదల్లేదు.

తర్వాత తూటాలు ఇంట్లోనే చేసుకోవచ్చని తెలిసింది. వాడేసిన ఇత్తడి గొట్టంలో కొత్త ప్రైమర్ దిగనొక్కి, మందు తూచి పోసి, గుండు బిగించాలి. ఫార్మసీ చేతులకి అది వెన్నతో పెట్టిన విద్య. ఆ పనికి సంబంధించిన లావుపాటి పుస్తకాన్ని పారాయణ చేసినట్టు చదివింది. అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత పెట్టి, అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చదివింది. రేణుకి ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు కాబట్టి ఆమె తూటాలు కూడా మల్లేశ్వరే చేసేది. శనివారాలు ఇద్దరూ కలిసి పోటీలకి వెళ్ళేవారు, అక్కడ క్లబ్బువాళ్ళు మాత్రం ఇద్దర్నీ వేరు వేరు గుంపుల్లో వేసేవారు. ఎప్పుడూ కింది వరసల్లోనే వచ్చేవారు. తిరుగుదారిలో టాకోలు తిని ఇంటికొచ్చేవారు.

ఇప్పుడు రేణు ఆఫీసు ఆమెని విమానమెక్కి వెళ్ళాల్సినంత దూరాన ఉన్న శాంటా క్లారా రమ్మంది. భర్తా కొడుకూ ముందే వెళ్ళి ఇల్లు చూసుకున్నారు. రేణు ప్రయాణం ఈ ఆదివారం. అంటే శనివారం పోటీయే ఇద్దరికీ ఆఖరిది. అరగంట దూరంలోని ఫ్రిస్కోకి మారినవాళ్ళే ఆర్నెల్లకోసారి కనిపిస్తున్నారు, శాంటా క్లారా వెళ్ళినవాళ్ళు ఏం కనిపిస్తారు?

మల్లేశ్వరికి ఒక నమ్మకం ఉంది. మనిషి వెళ్ళిపోయాక మనకి మిగిలేది ఆఖరిరోజే. ఆమె చెల్లెలు దుబాయ్ వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో బ్యాగు బరువు గురించి ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఇన్నేళ్ళయినా చెల్లెల్ని తలుచుకుంటే ముందు ఆ త్రాసే కళ్ళముందుకొస్తుంది, చెల్లెలి ముఖం ఆ వెనక ఎప్పుడో వస్తుంది. అందుకని రేణుతో ఆఖరిరోజు ఏ లోపమూ లేకుండా జరగాలని ఆమె పట్టుదల. దుకాణాల్లో నీలం పెట్టెలు రావడం మానేసి ఏడాదైంది. అప్పటినుంచి పొదుపుగా వాడుకుంటూ, చివరి పెట్టెని ఈ శనివారం కోసం అట్టే పెట్టింది. ఎర్ర పెట్టె కూడా ఒకటి కొంది కానీ, విప్పడానికి ధైర్యం చాలక పక్కన పెట్టింది.

అదీ ఆ డబ్బాలో పోయినది.

* * *

సాయంత్రం రేణు వచ్చి కథంతా విని, సోఫాలో పడి పొర్లి పొర్లి నవ్వింది.

"బావగారూ! నిజంగ తట్టిన్రా? గట్లనే, పప్పు డబ్బా తట్టినట్టు?"

"రెండు మూడు సార్లే" అన్నాడు కేశవరావు, నేల చూపులు చూస్తూ.

"అక్కా, బావగారికి మెడల్ ఇయ్యాలె. క్లబ్బుల ఎవ్వనికి లేదు గంత ధైర్యం."

"నవ్వు, బాగా నవ్వు," అంది మల్లేశ్వరి. "శనివారం ఏం పెట్టి కాలుస్తావ్? నవ్వు పెట్టి కాలుస్తావా?"

"ఎర్ర పెట్టె దుకాణంల దొరుకుతది కద? రేపు తెస్త. నీలం బదులు ఎర్రది పెట్టు. మందు ఎప్పుడేసినంతనే ఎయ్యి. అయిపాయె."

"అలా వేయకూడదు."

"ఎందుకేయద్దు? అందరు ఏస్తున్నరు."

"ఎర్రవాటి నిప్పు ఎంత వేడో మనకి తెలీదు. అది ఎక్కువైతే, పాత కొలత మందే ప్రమాదం అవుతుంది. ప్రైమర్ మారిస్తే కొలత కిందికి దింపి, అక్కడినుంచి మెట్టు మెట్టుగా ఎక్కాలి. కొత్త కారం ప్యాకెట్ విప్పావనుకో, ఎప్పుడూ వేసినంత వేసేస్తావా? కొంచెం వేసి రుచి చూడవూ?"

"నేనైతే ఏసేస్త."

"అందుకే మీ ఆయన ముందుగా శాంటా క్లారా పారిపోయాడు."

ఈసారి కేశవరావు కూడా నవ్వాడు. రేణు ఆయనవైపు వేలు చూపించి, "మీరు నవ్వద్దు బావగారూ, మీరింక జైల్లనే ఉన్నరు" అంది.

కానీ మల్లేశ్వరికి నవ్వు రాలేదు. మెట్టు మెట్టుగా ఎక్కడానికి ఉన్నది రెండు రోజులు. అంతా సవ్యంగా జరిగితే సరిపోతుంది. సవ్యంగా జరుగుతుందని ఎవరు చెప్పారు?

* * *

గురువారం పొద్దున్నే రేణు కొత్త ఎర్ర పెట్టె తెచ్చింది, మధ్యాహ్నానికి ఇద్దరూ డెంటన్ దాటాక ఉన్న కాల్పుల మైదానానికి వెళ్ళారు. మల్లేశ్వరి మందు కొంచెం కొంచెం పెంచుకుంటూ చేసిన తూటాల్ని విడివిడి సంచుల్లో పెట్టి, ఒక్కోదాని మీద కొలత రాసి తెచ్చింది. గుండు వేగం కొలిచే చిన్న మిషన్‌ని బల్ల మీద పెట్టింది. పోటీలో గుండుకి కనీస వేగం ఉండాలి. అంతకన్నా తగ్గితే స్కోరు లెక్కలోకి రాదు. అలాగని పుస్తకంలో చెప్పిన హద్దు దాటకూడదు. ఈ రెంటి మధ్యా ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే ఆరోజు పని.

ముందు తన తుపాకీతో కాల్చింది. అది పాతకాలపు ఉక్కు తుపాకీ, బరువైనది, ట్రిగ్గర్ లాగాలంటే వేలు నొప్పి పుడుతుంది. రేణు దానికి 'రోలు' అని పేరు పెట్టింది. మొదటి సంచీ మరీ మెత్తగా పేలింది, ఖాళీ గొట్టం బద్ధకంగా జారి కాళ్ళ దగ్గర పడింది. రెండోది కొంచెం నయం. మూడోదానికి మిషన్ మీద కావలసిన వేగం కనిపించింది. మల్లేశ్వరి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. మందు పాత కొలత కన్నా ఇంకా కిందే ఉంది!

"చూశావా?" అంది. "ఎర్రవి వేడి ఎక్కువ. పాత కొలత వేసి ఉంటే ఎక్కడికి పోయేదో."

"సరేనక్కా, నువ్వే గెలిచినవ్. ఇగ నాకియ్యి" అని రేణు తన తుపాకీలో అవే తూటాలు వేసుకుంది.

రేణు తుపాకీ సంగతి వేరు. తేలిగ్గా పేలాలని లోపలి స్ప్రింగ్ తీయించి మెత్తటిది వేయించుకుంది. పూవు తుంచినట్టు వేలు కదిపితే చాలు.

మొదటిది పేలింది. రెండోదానికి 'టిక్' మంది.

టిక్ మన్నప్పుడు ఒక పద్ధతి ఉంది. తుపాకీ గురివైపే ఉంచి, అలాగే కాసేపు కదలకుండా నిలబడాలి. లోపల నిప్పు ఆలస్యంగా అంటుకోవచ్చు. రేణు బొమ్మలా నిలబడింది. మల్లేశ్వరి ఆమె వెనక నిలబడింది. ఇద్దరి చూపూ ఎదురుగా ఉన్న గురి అట్ట మీదే.

"అక్కా," అంది రేణు, తల తిప్పకుండా. "ఇప్పుడు నన్ను చూడకు. ఒక మాట చెప్త."

"చెప్పు."

"నాకు పోబుద్ధి అయితలేదు."

గాలికి అట్ట కొంచెం ఊగింది. మల్లేశ్వరి గడియారం చూసింది. "టైమైంది, తీసెయ్" అంది కాసేపటికి. రేణు ఆ తూటాని తీసి పక్కన పెట్టింది. దాని ప్రైమర్ మీద చిన్న సొట్ట పడి ఉంది, అంతే. ఎర్ర పెట్టె ప్రైమర్ రేకు గట్టిది. రేణు మెత్తటి స్ప్రింగుకి దాన్ని పగలగొట్టే బలం లేదు.

మళ్ళీ పెట్టింది. రెండు పేలాయి. మళ్ళీ టిక్.

"ఇంకో మాట," అంది రేణు.

"ఊఁ."

"ఆడ నాకెవ్వరు తెల్వరు. ఈ వయసుల మళ్ళ కొత్త దోస్తులని ఏడికెళ్ళి తేవాలె?"

"నువ్వా? విమానం దిగేలోపే పక్కసీటువాళ్ళింట్లో భోజనానికి ఒప్పుకుంటావు. పాపం, వాళ్ళ గురించే నా దిగులు."

"నవ్వియ్యకు అక్కా, తుపాకి కదుల్తది."

"కదిపావంటే చంపేస్తాను."

రేణు భుజాలు కదలకుండా నవ్వు దిగమింగుకుంది. కళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు మాత్రం కారాయి. అవి నవ్వు నీళ్ళేనని మల్లేశ్వరి అనుకుంది. తన కళ్ళలోవి ఏ నీళ్ళో ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం అలాగే గడిచింది. నాలుగు పేలితే ఒకటి టిక్. పాత గట్టి స్ప్రింగ్ ఎక్కడుందని అడిగితే, "ప్యాక్ చేసిన. ఏ డబ్బాల పడ్డదో దేవునికే ఎరుక, అది ట్రక్కుల పోయింది" అంది రేణు. దుకాణానికి ఫోన్ చేస్తే తెప్పించడానికి వారం పైనే పడుతుందన్నారు.

మల్లేశ్వరి కారెక్కుతూ లెక్కేసుకుంది. తూటాలు బాగున్నాయి. రేణు తుపాకీకి మాత్రం అవి పనికిరావు. ఆఖరిరోజున పోటీలో అందరిముందూ రేణు తుపాకీ టిక్ టిక్ మంటూ ఉంటే, ఇక తను బతికున్నన్నాళ్ళూ రేణు అంటే ఆ చప్పుడే గుర్తొస్తుంది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం రేణు ఫోన్ చేసింది.

"అక్కా, నీ రోలు నాకు గూడ ఇయ్యి. ఇద్దరం దాంతోనే కొడదాం. ఒక్క గుంపుల ఉంటె ఒక్క తుపాకి ఇద్దరు వాడుకోవచ్చట. వాల్టర్‌ని అడిగిన, సరేనన్నడు."

"నీకు అలవాటు లేదు కదే. ఒక్కటీ తగలదు."

"తగలకపోతే ఏమాయె? ఎప్పుడు తగిలినయ్ గనుక?"

మల్లేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. మిగతా రోజంతా బల్ల దగ్గర కూర్చుని తూటాలు చేసింది. ఒక్కో మందు కొలతా తూచింది, మళ్ళీ తూచింది. ప్రతి ప్రైమర్ మీదా వేలు పెట్టి సరిగ్గా దిగిందో లేదో తడిమి చూసుకుంది. కేశవరావు గరాజ్ గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, "మజ్జిగ కావాలా?" అని అడిగాడు. "అక్కడే పెట్టండి" అంది. పెట్టి, కాసేపు అక్కడే తచ్చాడి, "నేనూ రేపు రావచ్చా?" అన్నాడు.

ఆరేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా రాలేదు. "చప్పుడు ఉంటుంది" అంది ఆమె.

"ఉండనీ. పులిహోర చేసుకొస్తాను."

శనివారం ఆయన చెవులకి అడ్డాలు ఇంట్లోనే పెట్టుకుని కారెక్కాడు. దారిపొడవునా భార్య ఏం చెప్పినా "ఆఁ?" అంటూనే ఉన్నాడు.

మైదానంలో జనం బాగానే ఉన్నారు. పోటీ అంటే చెక్క గోడల మధ్య దారి, దారిలో అక్కడక్కడా అట్ట బొమ్మలు, ఇనప పళ్ళాలు. బజర్ మోగగానే నడుస్తూ అన్నిటినీ కాల్చుకుంటూ పోవాలి. ముందు రేణు వంతు. రోలు పట్టుకుని నిలబడింది. మల్లేశ్వరి గుప్పిళ్ళు బిగించింది.

బజర్ మోగింది. ఢాం. ఢాం. ఢాం. ప్రతి చప్పుడుకీ మల్లేశ్వరి బెంగ ఒక మెట్టు దిగింది. అన్నీ తన చేతి తూటాలే, అన్నీ పేలుతున్నాయి. ఒక్కటి కూడా పళ్ళానికి తగలడం లేదు, అది వేరే సంగతి. మధ్యలో రేణు ఆగి, తుపాకీ ముందుకే ఉంచి గట్టిగా అరిచింది: "అక్కా, ఇది రోలు గాదు, రుబ్బురోలు!" తెలుగు ఒక్క ముక్క రాని వాల్టర్ కూడా నవ్వాడు.

తర్వాత మల్లేశ్వరి కాల్చింది. తర్వాత ఇంకో దారిలో మళ్ళీ రేణు, మళ్ళీ మల్లేశ్వరి. ఒకరు దిగగానే ఇంకొకరికి తుపాకీ సిద్ధం చేయాలి, పిడిలోకి తోసే మాగజైన్లలో తూటాలు నింపాలి, ఒకటే హడావుడి. ఎప్పుడూ వేరు వేరు గుంపుల్లో దూరంనుంచి చేతులూపుకునే ఆ ఇద్దరికీ ఆరోజు ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది. కేశవరావు పక్కన నిలబడి కిందపడ్డ ఖాళీ గొట్టాల్ని ఏరుతున్నాడు. చేతినిండా పట్టుకుని భార్య దగ్గరికొచ్చి, "ఇవి కలపొచ్చా?" అని అడిగాడు. "కలపొచ్చు" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆఖరి దారిలో మల్లేశ్వరి వంతు వచ్చింది. అన్నీ బాగా పడుతున్నాయి. మొదటి పళ్ళెం టంగుమని పడింది, రెండోది పడింది. కొత్త మాగజైన్ తోసి, తెరుచుకున్న తుపాకీని మళ్ళీ మూసి, మూడోదానికి గురిపెట్టి వేలు నొక్కింది.

టిక్.

ఆమె రాయిలా నిలబడిపోయింది. తుపాకీ ముందుకే ఉంది. వాల్టర్ చెయ్యెత్తి ఆగమన్నాడు. తన తూటా! రెండుసార్లు తూచిన తూటా, వేలితో తడిమి చూసిన తూటా! ఇంతా చేసి ఆఖరిరోజుకి ఈ చప్పుడే మిగిలిందా?

"అక్కా," అని వెనకనుంచి రేణు గొంతు సన్నగా వినపడింది. "నన్ను తిట్టకు."

"ఏంటి?"

"ఆ మాగజైన్ నింపుడు మర్చిపోయిన."

వాల్టర్ చెప్పినంతసేపూ ఆగి, మల్లేశ్వరి తుపాకీ తెరిచి చూసింది. ఖాళీ. లోపల తూటానే లేదు. ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడింది. ఆ తర్వాత ఏమైందో ఏమో, ఆమెకి నవ్వు పుట్టింది. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడే మల్లేశ్వరి అంతమంది మధ్య, గడియారం నడుస్తుండగా, పొట్ట పట్టుకుని నవ్వింది. రేణు వెనకనుంచి "కాల్చక్కా, కాల్చు, టైం పోతుంది!" అని గంతులేస్తోంది. నడుముకున్న ఇంకో మాగజైన్ తోసి మిగిలిన పళ్ళాల్ని కాల్చింది. ఎన్ని పడ్డాయో చూడనైనా లేదు.

ఫలితాలు చదివినప్పుడు ఇద్దరూ అడుగునుంచి రెండో, మూడో స్థానాల్లో ఉన్నారు. అట్టడుగున ఉన్నాయన పిల్లాడికి జ్వరమని ఫోనొచ్చి సగంలో వెళ్ళిపోయినాయన.

"మనమే నయం" అంది రేణు, పులిహోర నోట్లో పెట్టుకుంటూ. "బావగారూ, పోపు అదిరింది. ఇది గూడ తట్టిన్రా?"

బల్ల చుట్టూ చేరినవాళ్ళకి కేశవరావు డబ్బా కథ అప్పటికి మూడోసారి చెబుతున్నాడు. ఒక్కోసారి చెప్పినప్పుడల్లా ఆయన తట్టిన దెబ్బలు పెరుగుతున్నాయి. అందరూ తింటున్నారు. అప్పుడు వాల్టర్ తన ట్రక్కులోంచి చిన్న ప్లాస్టిక్ సంచీ ఒకటి తెచ్చి రేణు ముందు పెట్టాడు. అందులో ఒక స్ప్రింగ్ ఉంది.

"నిన్నటినుంచీ దీన్ని మోస్తున్నాను," అన్నాడు. "ఇప్పుడైనా కావాలా? నీ తుపాకీ ఇస్తే ఐదు నిమిషాల్లో వేసిస్తాను. ఎర్ర ప్రైమర్లు ఇంక టిక్ మనవు."

మల్లేశ్వరి చేతిలో చెంచా ఆగింది. "నిన్నటినుంచా?" అని రేణువైపు తిరిగింది. "నిన్ననే నీకు స్ప్రింగ్ దొరికిందా? మరి నాకు ఫోన్ చేసి రోలు కావాలన్నావు?"

రేణు పులిహోరలో వేరుశనగ పలుకులు ఏరుతూ కూర్చుంది. "అదేస్తే నేను నా గుంపుల, నువ్వు నీ గుంపుల," అంది. "మళ్ళ దూరంకెళ్ళి చెయ్యి ఊపుకునుడే కద. నాకద్దు అనిపించింది."

మల్లేశ్వరి ప్లేట్లోంచి ఎండుమిరపకాయ తీసి పక్కన పెట్టింది. మళ్ళీ దాన్నే తీసి ఇటు పెట్టింది.

"అయితే వేయనా?" అన్నాడు వాల్టర్ మళ్ళీ.

"వద్దు వాల్టర్," అంది రేణు. "అక్కతోని ఏపిస్త. అక్క అయితే ముందు పుస్తకం మొత్తం చదువుతది, రెండుసార్లు చూస్తది, మూడోసారి అనుమానపడ్తది. నవంబర్ దాంక పడ్తది గద అక్కా?"

నవంబరులో క్లబ్బుకి పెద్ద పోటీ ఉంటుంది. నాలుగు రోజుల సెలవులొస్తాయి.

మల్లేశ్వరి ఆ ప్లాస్టిక్ సంచీని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. చిటికెన వేలంత స్ప్రింగ్. ఫార్మసీలో ఇంతకన్నా సన్నటి పనులు ఆమె నిలబడ్డపాటున చేసేసేది.

"నవంబర్ దాకా పట్టొచ్చు," అంది గంభీరంగా. "స్ప్రింగ్ మారిస్తే సరిపోదు. మళ్ళీ కింది కొలతనుంచి మొదలుపెట్టి అన్నీ పరీక్షించాలి. నువ్వు లేకుండా ఎలా కుదురుతుంది? నీ తుపాకీ, నీ చెయ్యి. నువ్వే వచ్చి కాల్చి చూడాలి."

"వస్త మరి."

"మాగజైన్లు నింపుకుని రా."

రేణు తన తుపాకీని ఖాళీగా ఉందని చూపించి, తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి మల్లేశ్వరి చేతిలో పెట్టింది. కేశవరావు ఆ పెట్టెని అందుకోబోయి, భార్య ముఖం చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను సర్దను," అన్నాడు. "కారు తలుపు మాత్రం తీస్తాను."